ఎల్ కొట్టు, స్పేస్ కొట్టు: ఆటోక్యాడ్‌లో కమాండ్ యాడుందో వెతికిన కథ

పోయిన వారం పులివెందుల నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్ చదువుతున్నాడు. ఏమన్నాడంటే, "అన్నా, నాకు డ్రాయింగ్ వచ్చు. మినీ డ్రాఫ్టర్ పట్టుకుంటే షీట్ మీద చకచకా వేస్తా. కానీ ల్యాబ్‌లో కూర్చుంటే ఏ బటన్ యాడుందో వెతుక్కునేసరికే టైమ్ అయిపోతాంది. గీసేది పది నిమిషాలు, వెతికేది అరగంట. నేను పనికిరానేమో అనిపిస్తాంది."

ఆ చివరి మాట కోసమే ఈ ఎపిసోడ్. తమ్ముడూ, ఆ మాట నేను కూడా అనుకున్నా. 2009లో, హైదరాబాద్‌లో, ఒక ఆఫీసు మెట్ల మీద కూర్చుని. ముందు ఆ సంగతి చెప్తా, తర్వాత అసలు ఈ వెతుకులాట ఎప్పటి నుంచి మొదలైందో చూద్దాం. ఎందుకంటే ఇది నీ ఒక్కడి తిప్పలు కాదు, అరవై ఏళ్ల చరిత్ర ఉంది దీనికి.

మాది జమ్మలమడుగు. మా ఊరి నుంచి ప్రొద్దుటూరుకు రోజూ బస్సులో పోయి ఆటోక్యాడ్ నేర్చుకున్నా. అప్పటికి మాకింకా రైలు లేదు, ఎర్రగుంట్ల–నంద్యాల లైను పూర్తయింది 2016లో కదా. ప్రొద్దుటూరు అంటే మీకు బంగారు అంగళ్లు గుర్తొస్తాయి, దసరా గుర్తొస్తుంది. నాకు మాత్రం గాంధీ రోడ్డు పక్క సందులో మేడ మీద గది, ఆరు కంప్యూటర్లు, కరెంటు పోతే కిందికి దిగి తాగే టీ గుర్తొస్తాయి. ఆ రోజుల్లో ఎందుకు నేర్చుకున్నామంటే ఒకటే కారణం. 2007లో మా జమ్మలమడుగు పక్కనే స్టీల్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. ప్లాంటు వస్తే డ్రాఫ్ట్స్‌మన్ పోస్టులు వస్తాయి, ముందే నేర్చుకుని ఉందాం అని. ఆ ప్లాంటు రాలేదు. తర్వాత 2018లో, 2019లో, 2023లో మళ్లీ మళ్లీ వేరే వేరే పేర్లతో భూమిపూజలు జరిగాయి, అది వేరే ఎపిసోడ్ లెండి.

మా సారు మంచోడే. కాకపోతే మాకు నేర్పింది మొత్తం బొమ్మల మీద. స్క్రీన్‌కు ఎడమ పక్క నిలువుగా బటన్లు, కుడి పక్క ఇంకో వరస. "పై నుంచి మొదటిది లైను. కుడి పక్కన పై నుంచి నాలుగోది ఆఫ్‌సెట్." ఇట్లా నేర్చుకున్నాం. మూడు నెలల్లో ఇంటి ప్లాన్ వేసేశా, పూజ గది ఈశాన్యంలో, మెట్లు నైరుతిలో. మా నాయన బండల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆయనకు నా ప్లాన్ చూపిస్తే ఏ గదికి ఎన్ని నాపరాళ్లు పడతాయో నోటి లెక్క చెప్పాడు. ఆ రోజు నేను ఇంజనీరు అయిపోయినట్టే అనుకున్నా.

2009లో హైదరాబాద్‌లో టెస్టుకు పిలిచారు. ముప్పావు గంట, ఒక డ్రాయింగ్ చూసి అచ్చం అట్లే వేయాలి. కంప్యూటర్ ముందు కూర్చుని ఆటోక్యాడ్ తెరిచా. బటన్లు లేవు. అంటే ఉన్నాయి, నేను నేర్చుకున్న చోట లేవు. ఎడమ పక్క ఖాళీ, కుడి పక్క ఖాళీ. అన్నీ పైకి ఎక్కి కూర్చున్నాయి, వెడల్పాటి పట్టీలో, గుంపులు గుంపులుగా. అది ఆటోక్యాడ్ 2009 వర్షన్. నేను నేర్చుకున్నది 2004. లైను దొరికింది, సర్కిల్ దొరికింది. అర్రే అనేది యాడుందో దొరకలేదు. హ్యాచ్ దొరకలేదు. గుంపు కింద చిన్న బాణం గుర్తు నొక్కితే ఇంకొన్ని బయటికి వస్తాయని నాకు తెలియదు. కింద కుడి మూలలో చిన్న చక్రం గుర్తు నొక్కి పాత స్క్రీన్ తెచ్చుకోవచ్చని అస్సలు తెలియదు.

పక్క కంప్యూటర్‌లో ఒకక్క కూర్చుని ఉంది. ఆమె ఆ పట్టీ వైపు తల కూడా ఎత్తలేదు. కుడి చేయి మౌస్ మీద, ఎడమ చేయి కీబోర్డు మీద. టక్ టక్, గీత. టక్ టక్, ఇంకో గీత. అరగంటకే లేచి వెళ్లిపోయింది. నేను సగం బొమ్మతో టైమ్ అయిపోగొట్టుకున్నా.

బయట మెట్ల మీద ఆమే పలకరించింది. "ఏం తమ్ముడూ, ఏ ఊరు?" చెప్పా. నా ముఖం చూసి అడిగింది, "బటన్లు వెతికినావా?" అవునక్కా అన్నా. నా హాల్ టికెట్ కాగితం తీసుకుని వెనక పక్క ఇరవై దాకా అక్షరాలు రాసిచ్చింది. ఎల్, సీ, ఎమ్, సీఓ, టీఆర్, ఈఎక్స్, ఓ, ఎఫ్, ఎమ్ఐ, ఏఆర్, హెచ్... "ఇవి వస్తే స్క్రీన్ ఎట్లున్నా నీకు పనిలేదు. వాళ్లు ప్రతి ఏడూ బటన్లు మారుస్తారు. ఇవి మాత్రం మార్చరు" అనింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆమె అన్నది నిజమా? ఎందుకు మార్చరు? దీనికోసమే నేను తర్వాత చాలా చదివా. ఇప్పుడు ఆ చరిత్రలోకి పోదాం.

1963కు పోండి. అమెరికాలో ఎమ్ఐటీలో ఐవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి తన పరిశోధన కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ చేశాడు. టీఎక్స్-2 అనే పెద్ద కంప్యూటర్ మీద నడిచేది. తెర మీద లైట్ పెన్నుతో నేరుగా గీయడం, గీసిన దాన్ని జరపడం, దానికి కొలతల నియమాలు పెట్టడం అన్నీ అందులో ఉన్నాయి. మరి ఇప్పుడు గీత గీయాలా, చెరపాలా, జరపాలా అన్నది కంప్యూటర్‌కు ఎట్లా చెప్పాలి? పక్కన ఒక బటన్ల పెట్టె పెట్టుకున్నాడు. ఒక చేత్తో పెన్ను, ఇంకో చేత్తో బటన్లు. గమనించండి, మొదటి రోజే పని రెండు చేతులకు పంచబడింది. చూపు బొమ్మ మీదే ఉంది.

ఆ మరుసటి సంవత్సరం, 1964లో, ఐబీఎం 2250 అనే డిస్‌ప్లే తెచ్చింది. దాని పక్కన 32 మీటల పెట్టె. ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో ప్లాస్టిక్ రేకు ఉంటుంది, పైన పేర్లు రాసి ఉంటాయి. రేకు మారిస్తే అవే 32 మీటలు వేరే కమాండ్లు అవుతాయి. మన ఊర్లో టైలరు ఒకే మిషన్‌కు పాదం మార్చి జిగ్‌జాగ్ కుట్టినట్టు అనుకోండి. విమానాల కంపెనీల్లో, కార్ల కంపెనీల్లో డ్రాఫ్ట్స్‌మన్లు ఇట్లాంటి పెట్టెల మీదే చేయి తిప్పుకునేవాళ్లు. కానీ ఆ మిషన్ల ధర వింటే కళ్లు తిరుగుతాయి. మామూలు ఆఫీసు కొనే వస్తువు కాదు.

అది మారింది 1982లో. జాన్ వాకర్, ఇంకొంతమంది ప్రోగ్రామర్లు కలిసి ఆటోడెస్క్ అనే కంపెనీ పెట్టారు. మైక్ రిడిల్ అనే ఆయన అంతకుముందే ఇంటరాక్ట్ అనే డ్రాయింగ్ ప్రోగ్రామ్ రాసి ఉన్నాడు. దాని మీద కట్టిందే ఆటోక్యాడ్. ఆ ఏడు నవంబర్‌లో లాస్ వేగస్‌లో జరిగిన కామ్‌డెక్స్ ప్రదర్శనలో చూపించి, డిసెంబర్‌లో అమ్మకానికి పెట్టారు. చిన్న కంప్యూటర్‌లో, బల్ల మీద పట్టే దాంట్లో డ్రాయింగ్! అదే దాని గొప్ప.

కానీ ఆ చిన్న కంప్యూటర్ తెర మీద బొమ్మకే చోటు చాలదు, ఇంక బటన్లకు యాడ చోటు? కాబట్టి కింద కొద్దిగా జాగా వదిలారు. అక్కడ "కమాండ్:" అని ఉంటుంది. నువ్వు పేరు టైపు చేయాలి. కుడి పక్క అంచులో సన్నగా ఒక అక్షరాల మెనూ. డ్రా అని నొక్కితే లోపల ఇంకో జాబితా, దాంట్లో ఆర్క్ నొక్కితే ఇంకో జాబితా. లోపలికి పోతానే ఉండాలి.

అంటే కమాండ్ లైను ఎవరో తెలివిగా ఆలోచించి పెట్టింది కాదు. చోటు లేక పెట్టింది. పేదరికంలో పుట్టిన అలవాటు. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో నచ్చే ముక్క ఇదే.

ఇంకోటి ఉండేది, మీరెవరూ చూసి ఉండరు. డిజిటైజర్ టాబ్లెట్. ఇప్పటి ఐప్యాడ్ కాదప్పా! బల్ల మీద పెద్ద పలక. దాని మీద ఒక ప్లాస్టిక్ షీటు పరిచేవాళ్లు, దాని నిండా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో కమాండ్ బొమ్మ. చేతిలో మౌస్ లాంటిది ఉంటుంది, ముందు పక్క అద్దంలో ప్లస్ గుర్తు. గడి మీద పెట్టి నొక్కితే ఆ కమాండ్ వస్తుంది. షీటు పైభాగంలో గళ్లు ఖాళీగా వదిలేవాళ్లు, ఆఫీసుకు కావలసిన సొంత కమాండ్లు పెట్టుకోవడానికి. తలుపులు, కిటికీలు, పైపులు, ఏదైనా. దాని మీద పదేళ్లు చేసిన ఒక పెద్దాయన్ని నేను హైదరాబాద్‌లో కలిశా. కళ్లు మూసుకుని కూడా ట్రిమ్ గడి మీద చేయి పెట్టగలనని చెప్పాడు. ఆయనకు కమాండ్ పేరు గుర్తు లేదు, చోటు గుర్తు ఉంది. వంటింట్లో అమ్మ ఆవాల డబ్బా చూడకుండా తీస్తుంది చూడండి, అట్ల. అత్తగారింటికి పోయి అదే వంట చేయమంటే మొదటి రోజు డబ్బాలు వెతకాల్సిందే. 2009లో నా పరిస్థితి అదే.

ఇప్పుడు అక్షరాల దగ్గరికి వద్దాం. ప్రతిసారీ పూర్తి పేరు టైపు చేయడం ఎవరికి ఓపిక? అందుకని పొట్టి పేర్లు వచ్చాయి. అకాడ్ డాట్ పీజీపీ అని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవచ్చు. ఒక్కో లైన్లో ముందు పొట్టి పేరు, కామా, నక్షత్రం గుర్తు, తర్వాత అసలు పేరు. అంతే. ఎల్ అంటే లైను, టీఆర్ అంటే ట్రిమ్. ఇంకా గమ్మత్తు ఏమిటంటే ఇందులో స్పేస్ నొక్కినా ఎంటర్ నొక్కినట్టే. ఎడమ బొటనవేలు స్పేస్ మీద ఉంటే చాలు. ఉత్త స్పేస్ కొడితే ఇంతకుముందు వాడిన కమాండే మళ్లీ వస్తుంది.

తెలుగు మీడియంలో చదివిన నాలాంటోళ్లకు ఇది ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఫిల్లెట్ స్పెల్లింగ్‌లో ఎల్ ఒకటా రెండా, ఛాంఫర్‌లో ఎచ్ యాడొస్తుంది, ఇవన్నీ నాకు భయం. ఎఫ్ కొడితే పోయె! సీహెచ్ఏ కొడితే పోయె!

కానీ పొట్టి పేర్లలో తిరకాసులు కూడా ఉన్నాయి, ప్రతి బ్యాచ్‌లోనూ ఇవే తప్పులు చూస్తా. సీ అంటే కాపీ అనుకుంటారు, సర్కిల్ వస్తుంది. కాపీకి సీఓ, లేదా సీపీ. రెండూ పని చేస్తాయి. డాస్ కాలం వాళ్లు సీపీ అంటారు, తర్వాత వచ్చినవాళ్లు సీఓ అంటారు. ఎవరైనా సీపీ కొడుతుంటే, సీనియర్ అని లెక్కేసుకోవచ్చు. ఎస్ కొడితే స్కేల్ కాదు, స్ట్రెచ్. స్కేల్‌కు ఎస్‌సీ. డీ కొడితే దూరం రాదు, డైమెన్షన్ స్టైల్ పెట్టె తెరుచుకుంటుంది. దూరానికి డీఐ. ఈ అంటే ఎరేజ్. పొరపాటున చెరిపేస్తే ఊప్స్ అని టైపు చేయండి, నిజంగానే ఊప్స్ అనే కమాండ్ ఉంది. చివర చెరిపినది వెనక్కి వస్తుంది, మధ్యలో చేసిన వేరే పని చెడదు.

1987లో రిలీజ్ 9తో పై నుంచి కిందికి జారే మెనూలు వచ్చాయి. 1994లో రిలీజ్ 13, డాస్‌లో నడిచిన చివరిది. 1997లో రిలీజ్ 14 నుంచి విండోస్ ఒక్కటే. నేను నేర్చుకున్న బటన్ల వరసలు ఆ విండోస్ కాలానివే. ఇక 2007 ఆఫీస్‌లో మైక్రోసాఫ్ట్ రిబ్బన్ తెచ్చింది. అది చూసి ఆటోడెస్క్ కూడా 2008 మార్చిలో విడుదలైన ఆటోక్యాడ్ 2009లో రిబ్బన్ పెట్టింది. పాత వాళ్లు తిట్టుకున్నారు. పాత స్క్రీన్‌ను కొన్నేళ్లు ఉంచారు, 2015 వర్షన్‌లో ఆ క్లాసిక్ ఏర్పాటును తీసేశారు.

రిబ్బన్ చెడ్డదని నేను అనను. కొత్తగా వచ్చినోడికి ఏమేం ఉన్నాయో అది చూపిస్తుంది. అంగడి ముందు బోర్డు లాంటిది. కాకపోతే రోజూ పోయే అంగట్లో ఎవరైనా ప్రతిసారీ బోర్డు చదివి లోపలికి పోతారా? 1952లో విలియం హిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక విషయం కొలిచి చెప్పాడు. ముందున్న ఎంపికలు పెరిగే కొద్దీ తేల్చుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది అని. రిబ్బన్ ముందు కూర్చుని నువ్వు చేసేది ప్రతి గీతకూ ఆ తేల్చుకోవడమే. రోజుకు వందలసార్లు.

ఇప్పుడు మలుపు చూడండి. ముప్పై ఏళ్లు బొమ్మలు, పట్టీలు, మెనూలు పెంచుకుంటా పోయి, చివరికి మళ్లీ టైపింగ్ దగ్గరికే వచ్చారు. ఆటోక్యాడ్ 2012లో రెండు అక్షరాలు కొడితే మిగతావి తనే సూచించడం మొదలైంది. 2014లో స్పెల్లింగ్ తప్పు కొట్టినా సరిచేసి చూపించడం వచ్చింది. ఇంకా, అసలు పేరు తెలియకపోయినా దగ్గరి అర్థం ఉన్న మాట కొడితే కమాండ్ దొరుకుతుంది. రౌండ్ అని కొడితే ఫిల్లెట్ చూపిస్తుంది, సింబల్ అని కొడితే ఇన్సర్ట్ చూపిస్తుంది. 2009లో ఇది ఉండి ఉంటే నా కథ వేరే ఉండేది, పోనీలే.

ఇది ఆటోక్యాడ్ ఒక్కదానిదే కాదు. ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో 1970ల నుంచే కమాండ్ పేరు టైపు చేసి పిలిచే పద్ధతి ఉంది. సాలిడ్‌వర్క్స్‌లో ఎస్ కీ నొక్కితే మౌస్ దగ్గరికే చిన్న పెట్టె వస్తుంది. నగల డిజైన్లు చేసే రైనోలో కింద కాదు పైన కమాండ్ లైను, అక్షరాలు కొడుతుంటే పేర్లు పూర్తవుతాయి. ప్రొద్దుటూరు బంగారు పని వైపు పోవాలనుకునే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కోడింగ్ చేసే వాళ్లకు వీఎస్ కోడ్‌లో కంట్రోల్, షిఫ్ట్, పీ తెలుసు. అంతెందుకు, మీ ఫోన్ తీసుకోండి. నూరు యాప్‌లు ఉంటాయి. పేజీలు జరుపుకుంటా వెతుకుతారా? పైన వెతికే చోట రెండు అక్షరాలు కొడతారు. ఈ విద్య మీకు వచ్చు. కంప్యూటర్ ముందుకు రాగానే మర్చిపోతాన్నారు, అంతే.

ఒక చిలిపి పని కూడా చెప్తా. 2011 ప్రాంతంలో నేను ఆ పీజీపీ ఫైలులో తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నా. గీత అని కొడితే లైను, కొయ్యి అని కొడితే ట్రిమ్, జరుపు అని కొడితే మూవ్. రీఇనిట్ అనే కమాండ్ ఇచ్చి ఆ ఫైలును మళ్లీ చదివించాలి, అంతే. పని చేసింది! ఆఫీసులో అందరూ నవ్వారు, ఇద్దరు ముగ్గురు వాళ్ల కంప్యూటర్లలో కూడా పెట్టించుకున్నారు. మా జమ్మలమడుగులో ఒక పదో తరగతి పిల్లోడికి ఇట్లే నేర్పించా, గంటలో ఇల్లు గీశాడు.

కానీ ఆరు నెలలకే తీసేశా. ఎందుకంటే సైట్ ఆఫీసుకు పోయినా, ఇంకొకరి సిస్టమ్ ముందు కూర్చున్నా నా కొయ్యి పని చేయదు. చేతికి అది అలవాటైపోయింది, టీఆర్ గుర్తు రావట్లేదు. మళ్లీ 2009 మెట్ల మీదికే పోతున్నానని భయమేసింది. కొంతమంది అన్ని కమాండ్లనూ ఎడమ చేతి కింద ఉండే అక్షరాలకు మార్చుకుంటారు, వేగం నిజంగానే పెరుగుతుంది. సొంత కంప్యూటర్, సొంత పని అయితే చేసుకోండి. టెస్టులు రాయాల్సిన వయసులో మాత్రం వద్దంటా. ఆటోక్యాడ్ లాగానే నడిచే బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటి వాటిలో కూడా ఆ పాత అక్షరాలే చాలావరకు పని చేస్తాయి. ఆ అక్క అన్న మాట అక్కడ నిలబడింది. కోట్ల వేళ్లకు అలవాటైపోయిన దాన్ని ఏ కంపెనీ కదిలించదు. కదిలిస్తే కొనేవాళ్లు ఊరుకోరు.

ఇప్పుడు పులివెందుల తమ్ముడూ, నీకు. ల్యాబ్‌లో పట్టీ మీద బాణం పెట్టి ఒక్క క్షణం ఆగు. కమాండ్ పేరు, దాని వివరం కనపడతాయి. ఆ పేరు చూసి, నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ తర్వాత టైపు చేసి వాడు. బటన్ నొక్కొద్దు. మొదటి వారం నెమ్మదిగా ఉంటుంది, విసుగొస్తుంది, స్నేహితులు ముందుకు పోతారు. పోనీ. ఒకేసారి అరవై నేర్చుకోవద్దు. ఎల్, సీ, ఓ, టీఆర్, ఎమ్, సీఓ, ఈ, జెడ్. ఈ ఎనిమిదితో ఒక ఇంటి ప్లాన్ వెయ్యి. అర్రే, హ్యాచ్ అవసరం వచ్చినప్పుడు వాటంతట అవే చేరతాయి. ఎప్పుడో ఒకసారి వాడేవాటిని గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, అట్లాంటి వాటికే రిబ్బన్, సెర్చ్ ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, కాలేజీ వివరాలతో నమోదు చేసుకోవాలి. పాత కంప్యూటర్ అయితే లిబ్రెక్యాడ్ చూడు, అందులోనూ కమాండ్ లైను ఉంది.

ఆ హాల్ టికెట్ కాగితం ఫోటో కింద పెడుతున్నా. మడతల దగ్గర రెండు అక్షరాలు చెరిగిపోయాయి, అవి ఏమై ఉంటాయో మీరే కనుక్కుని కామెంట్లో రాయండి. వచ్చే వారం ప్రొద్దుటూరులో నగల మైనపు అచ్చును త్రీడీ ప్రింటర్‌లో తీసే చోటికి పోతున్నాం. ఉంటా.